యాంటీబాడీలు తగ్గితే రక్షణ పోయినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 68. తెనాలిలో ఉంటాం. హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను. పద్నాలుగేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. 2021లో కోవిషీల్డ్ రెండు డోసులు, ఆ తర్వాతి ఏడాది ప్రికాషన్ డోసు వేయించుకున్నాను. 2024లో న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు అక్టోబరులో అక్కడి ఫార్మసీలో ఫైజర్ కొత్త కరోనా టీకా వేయించాడు. డిసెంబరులో ఇంటికొచ్చాక యాంటీబాడీ టెస్ట్ చేయించుకుంటే 9,800 వచ్చింది. చాలా సంతోషించాను. ఈ జులైలో వేరే ల్యాబ్‌లో చేయిస్తే 640 అన్నారు. అప్పట్నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా అమ్మాయి టోక్యోలో ఉద్యోగం చేస్తోంది. ఒంట్లోకి వెళ్లాక తనే కాపీలు తీసుకునే కొత్త రకం ఎంఆర్ఎన్ఏ టీకా అక్కడ వచ్చిందని, దాని యాంటీబాడీలు ఏడాది దాకా ఉంటాయని చెప్తోంది. తను వేయించుకుంది కూడా. అలాంటిది నేనూ వేయించుకోవాలా? ఇంకోమాట. ఆ టీకా వేసుకున్నవాళ్ల ఒంట్లోంచి అది పక్కవాళ్లకు అంటుకుంటుందని వాట్సాప్‌లో వచ్చింది. అమ్మాయి రెండేళ్ల మనవడితో దసరాకి వస్తోంది. మా వారికి ఊపిరితిత్తుల జబ్బు ఉంది. దూరంగా ఉండమని చెప్పనా? చెప్పడానికి నోరు రావడం లేదు.

సమాధానం:

టీచర్ గారూ, నమస్కారం. ముందు మనవడి సంగతి చెప్తాను, మిగతావన్నీ తర్వాత. అమ్మాయిని దూరంగా ఉండమని చెప్పొద్దు. గన్నవరంలో దిగిన రోజే మనవణ్ని ఎత్తుకోండి, మీ వారి ఒళ్లో కూర్చోబెట్టండి. ఆ టీకా ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. ఎందుకు అంటుకోదో కింద వివరంగా రాస్తాను.

ఇక మీ రిపోర్టులు. ఉత్తరంతో పాటు రెండింటి ఫొటోలూ పంపి మంచి పని చేశారు. లేకపోతే నేను కూడా 9,800 నుంచి 640కి పడిపోయిందనే అనుకునేవాణ్ని. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న యూనిట్లు చూడండి. డిసెంబరు రిపోర్టులో ఏయూ పర్ ఎంఎల్ అని ఉంది. కింద మెషీన్ పేరు అబాట్. జులై రిపోర్టులో బీఏయూ పర్ ఎంఎల్ అని ఉంది. మొదట్లో ఒక్క అక్షరమే తేడాలా కనిపిస్తుంది కానీ ఇవి రెండు వేర్వేరు కొలతలు. మొదటిది ఆ కంపెనీ తన మెషీన్ కోసం పెట్టుకున్న కొలత. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ ఒకటే ఉండాలని ఏర్పాటు చేసిన కొలత. అబాట్ అంకెను బీఏయూలోకి మార్చాలంటే 0.142తో హెచ్చవేయాలి. మీరు సైన్సు టీచరు కదా, కాగితం తీసుకుని చేసి చూడండి. 9,800ని 0.142తో హెచ్చవేస్తే సుమారు 1,390 వస్తుంది.

అంటే మీ యాంటీబాడీలు పదిహేనో వంతుకు పడిపోలేదు. 1,390 నుంచి 640కి వచ్చాయి. ఏడు నెలల్లో సగానికి కొంచెం కిందికి. ఫైజర్ లాంటి టీకా తర్వాత ఇంత తగ్గడం మామూలే. మెషీన్లు వేరైతే ఈ లెక్క కూడా ఉజ్జాయింపే, అయినా మీకు నిద్ర లేకుండా చేసిన అంకె నిజం కాదని తేలడానికి ఇది చాలు. ఈ యూనిట్ల సంగతి ఆ ల్యాబ్‌లో ఒక్కరైనా మీకు చెప్పి ఉండాల్సింది. రిపోర్టు చేతిలో పెట్టి పంపేస్తే 68 ఏళ్ల మనిషి ఇంటికెళ్లి ఎన్ని రాత్రులు మేలుకుని ఉంటుందో ఎవరూ ఆలోచించకపోవడం నాకు బాధగా ఉంది.

సగానికి తగ్గిందంటే మాత్రం రక్షణ సగం పోయినట్టు కాదా అని మీరు అడగొచ్చు. కాదు. మీది తెనాలి కాబట్టి మీ ఊరి కాలవలనే తీసుకుంటాను. కాలవలో నీళ్లు తగ్గితే పై నుంచి వదలడం తగ్గించారనుకుంటాం గానీ సాగర్ ఎండిపోయిందని అనుకోం కదా. రక్తంలో కొలిచే యాంటీబాడీలు కాలవలో పారే నీళ్లు. సాగర్ వేరే చోట ఉంది. ల్యాబ్ టెస్ట్ కాలవలో కొలబద్ద పెట్టి చూస్తుంది, అంతకుమించి దానికి తెలియదు.

అసలు ఏం జరుగుతుందంటే, టీకా సూది భుజానికి వేశాక ఆ మందు చంకలో ఉండే లింఫ్ గ్రంథుల దాకా చేరుతుంది. కొందరికి ఆ వైపు చంకలో బిళ్ల కడుతుంది, నొప్పి పెడుతుంది. దాన్ని చూసి భయపడి నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. ఆ గ్రంథుల్లో బి కణాలు అనే రోగనిరోధక కణాలు వైరస్ పైన ముళ్లలా ఉండే ముల్లు ప్రోటీన్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. వాటిలో కొన్ని వెంటనే యాంటీబాడీలు తయారుచేసే కణాలుగా మారిపోతాయి. మొదటి నెలలో రిపోర్టులో కనిపించే పెద్ద అంకె వీటి చలవే. ఈ కణాలు ఎక్కువ కాలం బతకవు, చాలావరకు కొన్ని వారాల్లోనే పోతాయి. అవి వదిలిన యాంటీబాడీలు కూడా రక్తంలో మూడు వారాలకోసారి సగానికి తగ్గుతుంటాయి. అందుకే మొదటి మూడు నెలల్లో గ్రాఫ్ నిటారుగా దిగి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఇజ్రాయెల్‌లోని షేబా ఆస్పత్రిలో ఫైజర్ వేయించుకున్న దాదాపు 4,900 మంది సిబ్బందిని ఆరు నెలల పాటు పరీక్షించినప్పుడు, వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు సరిగ్గా ఇదే తీరులో తగ్గాయి. 65 దాటినవాళ్లలో, మగవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లలో ఇంకాస్త తక్కువగా ఉన్నాయి. తగ్గకుండా ఉండటం కూడా మంచిది కాదు. పుట్టినప్పటి నుంచి పట్టిన ప్రతి జలుబుకీ, వేసిన ప్రతి టీకాకీ వచ్చిన యాంటీబాడీలన్నీ అలాగే నిలిచిపోతే మన రక్తం పాయసంలా చిక్కబడేది.

ఈలోగా గ్రంథుల్లో చదువు సాగుతూనే ఉంటుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు టీకా వేసుకున్నవాళ్ల చంక గ్రంథుల నుంచి సన్నటి సూదితో నమూనాలు తీసి చూశారు. కొందరిలో ఆరు నెలల తర్వాత కూడా బి కణాలు ఇంకా మెరుగవుతూనే ఉన్నాయి. అంటే రక్తంలో అంకె పడిపోతున్న అదే సమయంలో వైరస్‌ను గుర్తుపెట్టుకునే మెమరీ కణాలు పదునెక్కుతున్నాయి. రేపు నిజంగా వైరస్ లోపలికి వస్తే అవి కొద్ది రోజుల్లోనే మళ్లీ యాంటీబాడీలు కుమ్మరిస్తాయి. వీటికి తోడు టి కణాలు ఉంటాయి. వైరస్ దూరిన కణాలను వెతికి చంపడం వాటి పని. నేను చెప్పిన సాగర్ ఇవే. మీరు చేయించుకున్న టెస్ట్ ఈ రెంటిలో దేన్నీ చూడదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మెమరీ కణాలు లేచి పని మొదలుపెట్టడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. కరోనా ముక్కులో, గొంతులో పట్టుకోవడానికి అంత టైమ్ అక్కర్లేదు. కాబట్టి యాంటీబాడీలు తగ్గాక జలుబు, జ్వరం వచ్చే అవకాశం మళ్లీ పెరుగుతుంది. ఊపిరితిత్తుల దాకా దిగి ఆస్పత్రి పాలయ్యే అవకాశం మాత్రం అంత త్వరగా పెరగదు. ఫైజర్ మొదటి పెద్ద ట్రయల్‌లోనే ఇది కనిపించింది. లక్షణాలతో వచ్చే కోవిడ్ నుంచి మొదటి రెండు నెలల్లో 96 శాతం ఉన్న రక్షణ నాలుగు నెలలు దాటాక 84 శాతానికి వచ్చింది. అది ఒమిక్రాన్ రాకముందు మాట. తీవ్రమైన జబ్బు నుంచి మాత్రం ఆ ఆరు నెలలూ కలిపి చూసినా రక్షణ 96 శాతం పైనే ఉంది. ఒమిక్రాన్ వచ్చాక అంకెలన్నీ కిందికి జరిగాయి, కానీ ఈ తేడా అలాగే ఉంది.

ధనుర్వాతం టీకా ఇన్నేళ్లు పనిచేస్తుంటే ఇది ఎందుకు నిలవదని నన్ను చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. ధనుర్వాతం యాంటీబాడీలు సగానికి తగ్గడానికి సుమారు 11 ఏళ్లు పడుతుంది. ఎముక మజ్జలో స్థిరపడిపోయే కణాలు ఏళ్ల తరబడి వాటిని వదులుతూ ఉండటం వల్ల అది సాధ్యమైంది. అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు కరోనా ఎంఆర్ఎన్ఏ టీకా వేసుకున్న 19 మంది నుంచి మజ్జ తీసి చూశారు. మజ్జ తీయించుకోవడమంటే తుంటి ఎముకలోకి లావుపాటి సూది దించడం. ఆ నొప్పి భరించిన ఆ 19 మందికి నేను మనసులో దండం పెట్టుకుంటాను. వాళ్ల మజ్జలో ధనుర్వాతానికీ, ఫ్లూకీ దీర్ఘకాలం బతికే కణాలు పుష్కలంగా ఉన్నాయి. కరోనాకి మాత్రం ఆ చోటు చాలావరకు ఖాళీగా ఉంది. 2024లో ఈ ఫలితం బయటికి వచ్చినప్పుడు మా డాక్టర్లలో చాలామందికి ఒక పెద్ద చిక్కుముడి విడినట్టు అనిపించింది.

ఇప్పుడు మీ అమ్మాయి వేయించుకున్న టీకా దగ్గరికి వద్దాం. దాని పేరు కోస్టైవ్. ప్రయోగాల్లో ఆర్క్‌ట్-154 అనేవారు. 2023 నవంబరులో జపాన్ అనుమతి ఇచ్చింది, 2025 ఫిబ్రవరిలో యూరప్ ఇచ్చింది. మీ రోజుల్లో బడిలో కాపీలు తీసే సైక్లోస్టైల్ మెషీన్ ఉండే ఉంటుంది. ఎంఆర్ఎన్ఏ అంటే ముల్లు ప్రోటీన్ ఎలా తయారుచేయాలో మన కణాలకు చెప్పే చీటీ. ఫైజర్ టీకా అంటే బయట అచ్చు వేయించి కట్టలుగా తెచ్చిన ప్రశ్నపత్రాలు. ఎన్ని తెస్తే అన్నే, పంచేశాక అయిపోయాయి. కోస్టైవ్‌లో ప్రశ్నపత్రంతో పాటు సైక్లోస్టైల్ మెషీన్ కూడా వస్తుంది. కణంలోకి వెళ్లాక అక్కడే కాపీలు తీస్తుంది. అందుకే ఫైజర్‌కి 30 మైక్రోగ్రాములు కావాల్సిన చోట దీనికి 5 చాలు. ముల్లు ప్రోటీన్ కూడా ఇంకొన్ని రోజులు ఎక్కువగా తయారవుతుంది. గ్రంథుల్లో పాఠం ఎక్కువసేపు నడిచినట్టు అన్నమాట.

అమ్మాయి చెప్పిన ఏడాది మాట నిజమే. జపాన్‌లో అప్పటికే మూడు డోసులు వేసుకున్న 828 మందిని తీసుకుని, సగం మందికి కోస్టైవ్, సగం మందికి ఫైజర్ వేసి ఏడాది పాటు చూశారు. మొదటి నెల నుంచి ఆరో నెలకు వచ్చేసరికి ఫైజర్ వాళ్లలో యాంటీబాడీలు సగానికి పైగా తగ్గాయి. కోస్టైవ్ వాళ్లలో నాలుగో వంతు మాత్రమే తగ్గాయి. ఆరు నెలలప్పుడు కొత్త టీకా వాళ్లకు రెట్టింపు పైన ఉన్నాయి, ఏడాదికి కూడా వాళ్లవే ఎక్కువ. వియత్నాంలో అంతకుముందు వేలమందిపై జరిగిన పెద్ద ట్రయల్‌లో తీవ్రమైన కోవిడ్ నుంచి 95 శాతం రక్షణ వచ్చింది. మామూలు కోవిడ్ నుంచి మాత్రం 57 శాతమే. ఈ రెండు అంకెల మధ్య దూరం చూశారా? పైన రాసిందే ఇక్కడా కనిపిస్తోంది.

ఇది మంచి టీకానే, నాకు దాని మీద నమ్మకం ఉంది. అయితే 828 మందిని చూసింది యాంటీబాడీల కోసం. ఆ ఏడాదిలో ఎవరికి జబ్బు తక్కువగా వచ్చిందో తేల్చడానికి ఆ సంఖ్య చాలదు. పైగా యాంటీబాడీ ఏడాది నిలబడుతుంది సరే, వైరస్ ఏడాది పాటు ఒకేలా ఉండటం లేదు. 2021 చివర్లో ఒమిక్రాన్, 2023 చివర్లో జేఎన్.1, తర్వాత దాని పిల్లలు. మీకు న్యూజెర్సీలో వేసింది కేపీ.2 అనే రకానికి తయారైన టీకా. అది కూడా జేఎన్.1 కుటుంబమే. తాళం మారిపోతుంటే తాళంచెవి ఎంత గట్టిదైతే ఏం లాభం అని కొందరు నిరుత్సాహపడతారు. నేను అంత దూరం వెళ్లను. ఎక్కువ యాంటీబాడీలు ఉన్నవాళ్లకు మారిన రకాన్ని కూడా కొంతవరకు పట్టుకునే వీలుంటుంది, ఆపైన టి కణాలు వైరస్ మారినా అంత తేలిగ్గా మోసపోవు. కానీ ‘ఏడాది యాంటీబాడీలు’ అంటే ‘ఏడాది కోవిడ్ రాదు’ అని మాత్రం అనుకోవద్దు. అమ్మాయికి కూడా ఈ మాట చెప్పండి.

మన దేశంలో కూడా ఈ రకం టీకా తయారైంది. పుణెలోని జెనోవా కంపెనీ చేసిన జెమ్‌కొవాక్ కాపీలు తీసుకునే రకమే. ఒమిక్రాన్ కోసం మార్చిన దానికి 2023 జూన్‌లో అనుమతి వచ్చింది. దాన్ని సూది లేకుండా ఒక పరికరంతో చర్మంలోకి కొడతారు, మామూలు ఫ్రిజ్‌లోనే నిల్వ ఉంటుంది. మన వాతావరణానికి, మన ఊళ్లకు అది ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎంఆర్ఎన్ఏ పని హైదరాబాద్‌లోనూ సాగుతోంది. అక్కడి సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలోని ఇన్‌క్యుబేషన్ సెంటర్ 2022లో సొంతంగా ఈ టెక్నాలజీ చేసి చూపించింది. అదే ఏడాది ‘బయోలాజికల్-ఇ’ అనే టీకా కంపెనీని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంఆర్ఎన్ఏ టెక్నాలజీ అందుకోవడానికి ఎంపిక చేసింది. ఇవి కరోనాతో ఆగిపోకూడదని, టీబీకీ డెంగీకీ కూడా ఉపయోగపడాలని నా గట్టి కోరిక. అమెరికాలో 2025 మేలో ఇంకో రకానికి అనుమతి వచ్చింది. మొత్తం ముల్లు ప్రోటీన్ కాకుండా అందులో ముఖ్యమైన రెండు భాగాలను మాత్రమే చూపిస్తుంది, డోసు 10 మైక్రోగ్రాములు. అది కాపీలు తీసుకునేది కాదు.

ఇక అంటుకోవడం సంగతి. ఈ పుకారు జపాన్‌లోనే 2024లో బాగా నడిచింది, అక్కడి నుంచి మీ వాట్సాప్ దాకా వచ్చింది. పుకారుకి ఒక చిన్న నిజం ఆధారం ఉంది, అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్మారు. కాపీలు తీసే ఆ మెషీన్‌ని గుర్రాలకు మెదడువాపు తెచ్చే ఒక వైరస్ నుంచి తీసుకున్నారు. అంతవరకు నిజం. కానీ వైరస్ ఒక కణం నుంచి ఇంకో కణానికి వెళ్లాలంటే దానికి పైన డొల్ల కావాలి. ఆ డొల్లను తయారుచేసే జన్యువులను పూర్తిగా తీసేసి, వాటి చోట ముల్లు ప్రోటీన్ జన్యువు పెట్టారు. డొల్ల లేని ఆర్ఎన్ఏ కణం దాటి బయటికి వచ్చి ఇంకో మనిషికి వ్యాపించే దారి లేదు. అది కొద్ది వారాల్లో ఆ కణంలోనే ముక్కలైపోతుంది. మీ అమ్మాయి ఒంట్లో ఇప్పుడు మిగిలి ఉన్నది ఆమె సొంత యాంటీబాడీలు, సొంత మెమరీ కణాలు. వాటి వల్ల మీ వారికి ఏ ప్రమాదమూ లేదు. విమానంలో పక్క సీటువాళ్ల దగ్గర అంటించుకొచ్చే దగ్గు వల్ల ప్రమాదం ఉండొచ్చు. వచ్చిన రెండు మూడు రోజుల్లో ఎవరికైనా జలుబు, దగ్గు కనిపిస్తే అప్పుడు మీ వారి గదికి మాస్కు పెట్టుకుని వెళ్లండి. టీకా వేసుకున్నా వేసుకోకపోయినా ఆ జాగ్రత్త ఒకటే.

మరి మీరు మళ్లీ వేయించుకోవాలా? దీన్ని 640 అనే అంకె చూసి తేల్చుకోవద్దు. ఎంత ఉంటే సేఫ్, ఎంతకు తగ్గితే ప్రమాదం అనే గీత ఎవరూ గీయలేదు. అందుకే అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2021 మేలోనే టీకా పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఈ టెస్టులు వాడొద్దని చెప్పింది. తేల్చాల్సింది మీ వయసు, మీ షుగరు, చివరి డోసు ఎప్పుడు పడిందన్నది చూసి. పెద్ద వయసు, దానికి తోడు ఒకటికి మించి జబ్బులు ఉన్నవాళ్లు చివరి డోసు తర్వాత 6 నుంచి 12 నెలల మధ్య మళ్లీ వేయించుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మీకు అక్టోబరుతో ఏడాది నిండుతుంది. షుగరుకి చూపించుకునే డాక్టరుతో ఈ నెలలోనే మాట్లాడండి. ఫలానా రకమే కావాలని టోక్యో దాకా వెళ్లాల్సిన పని లేదు. ప్రస్తుతం తిరిగే రకానికి దగ్గరగా ఉన్న టీకా ఏది దొరికితే అది మీకు పనికొస్తుంది. జ్వరం, భుజం నొప్పి ఒకటి రెండు రోజులు ఉంటాయి. గుండె కండరం వాపు అనే అరుదైన ఇబ్బంది ఎక్కువగా కుర్రాళ్లలో కనిపించింది, మీ వయసువాళ్లకు దాని భయం చాలా తక్కువ.

మీ వారి కోసం నేను ఇంకా గట్టిగా చెప్పాలనుకుంటున్నది వేరే ఉంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్న మనిషికి ఏటా ఫ్లూ టీకా, నిమోనియా టీకా పడ్డాయా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. చాలా ఇళ్లలో కరోనా చుట్టూ తిరిగి వీటిని మర్చిపోయారు. అవి రెండూ మన దగ్గర దొరుకుతాయి, దసరాకి ఇంట్లో జనం నిండకముందే వేయించండి. ఆయనకు యాంటీబాడీ టెస్ట్ చేయించొద్దు. మీరు కూడా ఇక చేయించుకోవద్దు.

ఒక పని మాత్రం ఈ రోజే చేయండి. మీ ఇద్దరూ వాడే మాత్రల పేర్లు, డోసులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. కరోనా మాత్రలు జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెడితేనే పనిచేస్తాయి. అవి కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో, గుండె మాత్రలతో పడవు. జ్వరం వచ్చిన రోజే టెస్ట్ చేయించి, ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.